తొమ్మిదో క్యాబిన్‌లో మంచం

సౌదీలో అల్ ఖర్జ్ శివార్లలోని ఆ కూలీల క్యాంపులో ఇరవై పోర్టా క్యాబిన్లు. స్థలం యజమాని జాగా ఖాళీ చేయమన్నాడు. వారంలో క్రేన్లు వచ్చి వాటిని ఎత్తుకుపోతాయి. ఏ మంచానికి ఎవరి పేరుందో వాళ్లు ఆ మంచం దగ్గరే కంపెనీ గుమస్తాకు కనబడితే కొత్త క్యాంపులో చోటు, పాడైన సామానుకు పరిహారం. కనబడకపోతే పారిపోయినట్టే. హురూబ్ అని రాసేస్తారు. ఆ మాట పడిందంటే పని పోతుంది, దొరికితే జైలు, ఆ పైన విమానం ఎక్కించడమే.

దేవన్న పేరు పద్నాలుగో క్యాబిన్‌లో ఉంది. మనిషి మాత్రం రెండేళ్లుగా తొమ్మిదిలో పడుకుంటున్నాడు. తప్పెవరిదంటే నాలుకది. తొమ్మిదిలో అంతా జగిత్యాల వాళ్లు, రోజూ పచ్చిపులుసు. అది లేనిదే ఈ మహానుభావుడికి ముద్ద దిగదు. అతని అవస్థ చూసి కడప ఇస్సాక్ నవ్వాడు. "నా మంచం నువ్వు తీసుకో అన్నా, నీదాంట్లో నేను పడుకుంటా" అన్నాడు. ఏసీ కింది మంచం అది! ఆఫీసులో చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. క్యాంపుల్లో ఎవరు చెబుతారు గనక.

రేపు వస్తామన్నవాళ్లు ఇవాళ మధ్యాహ్నమే దిగారు. పదో క్యాబిన్ దాకా ఒక గుమస్తా, ఆ తర్వాతవి ఇంకొకడు. గార్డులు ఎవరినీ కదలనివ్వడం లేదు.

"మంచాలు మార్చుకున్నోళ్లయి రెండు పేర్లూ కొట్టేస్తరంట" అని పక్క మంచం లక్ష్మణ్ గుసగుసలాడాడు.

దేవన్నకు పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక కిటికీలోంచి దూకి నీళ్ల ట్యాంకు చాటున నక్కాడు.

లోపల గుమస్తా గొంతు. "ఇస్సాక్!" మూడుసార్లు పిలిచాడు. దేవన్న పేరు కూడా పోతుందని లోపలివాళ్లెవరూ సంగతి చెప్పలేదు. 'పద్నాలుగుల ఉన్నడు సాబ్' అంటే చాలు. దేవన్న ట్యాంకు వెనక ఇంకాస్త ముడుచుకున్నాడు. చూస్తుండగానే అడుగులు దూరమయ్యాయి. సిగ్గులేని భయం అది. ఇస్సాక్ ఏమైపోతాడని ఒక్క క్షణం కూడా అనుకోలేదు, తన పేరు కోసమే వణికాడు.

కాసేపటికి ఎవరో భుజం పట్టి లాగారు. గార్డే అనుకుని కెవ్వుమన్నాడు. కాదు, ఇస్సాక్.

"ఈడ దాక్కున్నావేందన్నా? నీ పేరు పిలుస్తాండారు. మంచాలు మార్చుకున్నామని చెప్పేసినా. సాబ్ ఏమీ అనలా, పిల్చుకొని రాపో అన్నాడు. రా, రా!"

పద్నాలుగులో రెండో గుమస్తా దేవన్న ఇఖామా గుర్తింపు కార్డు చూసి కొత్త క్యాంపు టోకెన్ చేతిలో పెట్టాడు. అంతే. ఇంత సులువని తెలిస్తే!

"నాది తొమ్మిదిలో రాసుకొనింటారులే. నా పేరు పిలిచినప్పుడు నువ్వు చెప్పింటావు కదన్నా" అన్నాడు ఇస్సాక్, ఏ అనుమానమూ లేకుండా.

గేటు దగ్గర మొదటి గుమస్తా బండి స్టార్టయింది. దేవన్నకు ఇందాకటికన్నా ఎక్కువ భయమేసింది. ఆ భయంతోనే పరుగెత్తి, కదులుతున్న బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"రుకో సాబ్! ఇస్సాక్ హై! ఇస్సాక్ యహీ హై!"

హారన్ మోగుతూనే ఉంది. దేవన్న జరగలేదు.