నంబరు పడని ఆక్షేపణ

...అయినా అది తప్పని ఎలా అంటారు, ఒకే స్థలం గురించి వచ్చిన రెండు కాగితాలు ఒకే చోట ఉండటం పద్ధతే కదా, అనుకుంటున్నాడు వేదవ్యాస. జమ్మలమడుగులో కార్ఖానాలకు అనుమతులిచ్చే సర్కారు ఆఫీసులో, వచ్చిన కాగితాలకు నంబరు వేసి తపాలా రిజిస్టరు రాసే గుమాస్తా అతను. పెన్న ఒడ్డున బట్టలకు రంగు వేసే కార్ఖానా పెట్టడానికి అనుమతి కోరుతూ ప్రొద్దుటూరు వ్యాపారి అశ్వత్థనారాయణ ఇచ్చిన దరఖాస్తు అతని ముందుంది. దాని వెనక, జతపత్రంలా, వేలిముద్ర వేసిన అర్జీ ఒకటి గుచ్చి ఉంది. కార్ఖానా వద్దని చెప్పే అర్జీ. మూడు వారాల కిందట దాన్ని అక్కడ గుచ్చింది తనే. జతపత్రానికి వేరే నంబరు ఉండదు. నంబరు పడని కాగితం ఆఫీసుకు రానట్టే.

ఆ రోజు చెయ్యి పరధ్యానంగా ఆ పని చేసిందా? గుర్తు తెచ్చుకోబోతే మరొకటి గుర్తొస్తోంది. అదే రోజు అశ్వత్థనారాయణ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కార్ఖానా మాటే ఎత్తలేదు. రాత్రుళ్లు నిద్ర పడుతోందా అని అడిగాడు. పదిహేడేళ్ల ఉద్యోగంలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. అంతే జరిగింది. అంత చిన్నదానికి మనిషి లొంగుతాడా అని వేదవ్యాస తనను తాను పరాయివాణ్ణి చూసినట్టు చూసుకున్నాడు.

అర్జీ పెట్టిన ఖమర్‌బీ పొద్దున్నుంచీ వరండాలో ఉంది. ఏటి ఇసకలో చెలమ తవ్వి, ఆ నీళ్లే తాగే వీధి ఆమెది. రంగునీళ్లు ఇసకలోకి ఇంకితే చెలమలో ఏమి ఊరుతుందో అర్జీలో రాయించింది. మధ్యాహ్నం ఆమె గుమ్మం దగ్గరికి వచ్చింది.

"నా కాగితం యాడుందప్పా?"

"చూస్తాండాను. రేపు రామ్మా."

"రేపటికి అర్జీల గడువు దాటుతాది గదా. ఈ పొద్దుతో ముప్పై దినాలు. నాకు సదువు రాదు గానీ లెక్క వస్తాది."

ఆమె మళ్లీ వెళ్లి కూర్చుంది. ఇంతలో హెడ్ గుమాస్తా వీరభద్రయ్య ఒక చిత్తుప్రతి తెచ్చి బల్లమీద పెట్టాడు. గడువులోగా ఆక్షేపణలేవీ అందలేదని అందులో ఉంది. రిజిస్టరు రాసేవాడి పొట్టి సంతకం కావాలి. దరఖాస్తు తిప్పి వెనక కాగితం చూసి నవ్వాడు.

"ఏం సామీ, అత్తాకోడండ్లను ఒకే గదిలో పెట్టినావే."

వీరభద్రయ్య గొంతు తగ్గించాడు. ఇప్పుడు నంబరు వేస్తే ఇన్నాళ్లూ ఎక్కడుందని పైవాళ్లు అడుగుతారని, మెమో వస్తుందని, వచ్చే ఏడు రావలసిన ప్రమోషను ఆగిపోతుందని వివరించాడు. చెప్పినవన్నీ నిజాలే.

"సంతకం పెట్టి ఊరకుండు," అని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

వేదవ్యాసకు కోపం రాలేదు, జాలి కూడా కలగలేదు. కలగాలని కొంతసేపు ఎదురుచూశాడు. బయట ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. మనసు కదిలేదాకా చెయ్యి ఎందుకు ఆగాలి అనిపించింది.

రిజిస్టరు తెరిచాడు. ఇవాళ్టి తేదీ కింద తర్వాతి నంబరు వేసి, ఖమర్‌బీ పేరు, వీధి, ఆక్షేపణ అని రాశాడు. అందిన తేదీ మాత్రం మూడు వారాల కిందటిదే వేశాడు. ఆలస్యానికి కారణం రాసే గడి మిగిలింది. పొరపాటు అని రాయబోయి ఆగాడు. అది పొరపాటో కాదో అతనికి తెలియదు. 'నా వద్దనే ఉండిపోయినది' అని రాసి, కింద పూర్తి సంతకం పెట్టాడు.