బొంగరం రెండోసారి

పెళ్లయి నలభై మూడు రోజులైనా కొత్త కోడలికి ఆ ఇంట్లో ప్రతిదీ ముచ్చటగానే ఉంది. మెట్లు దిగితే నేరుగా మామగారి కళ్లజోళ్ల దుకాణంలోకి రావడం ముచ్చట. గోడనిండా వరసగా ఉన్న ఫ్రేములన్నీ తననే చూస్తున్నట్టు ఉండడం ముచ్చట. బస్సు డిపోలో పనిచేసే మొగుడు మధ్యాహ్నం ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తోచక కాసేపు ఊరికే ఊపిరి తీస్తూ ఉండడం అన్నిటికంటే ముచ్చట.

ఆ ముచ్చట్లలోకి కొత్తగా వచ్చి చేరింది లెన్స్ మీటరు. కళ్లజోడు దానికింద పెట్టి, పైనుంచి ఒంటికన్నుతో చూస్తూ చక్రం తిప్పాలి. మసగ్గా అలుక్కుపోయిన పచ్చగీతలు ఉన్నట్టుండి సూదిమొనల్లా తేలతాయి. అప్పుడు చక్రం మీద ఏ అంకె ఉంటే అదే ఆ అద్దం పవరు. మామగారు మూడు రోజుల కిందట నేర్పారు. అప్పట్నుంచి కంటపడిన జోడునల్లా కొలుస్తోంది. పక్క దుకాణం వాచీలాయన పలకరించడానికి వస్తే ఆయన ముక్కు మీదిది కూడా లాగేసుకుంది.

"మీ కోడలికి మనుషులు ఆనట్లేదండోయ్, అద్దాలే కనబడుతున్నాయి," అన్నాడాయన కళ్లు చికిలించి, కుర్చీ కోసం గాలిలో తడుముకుంటూ.

"పని నేర్చిన కొత్తలో నేనూ అంతే," అన్నారు మామగారు, ఎక్కడలేని గర్వంతో.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఎంత తొందరైనా, వచ్చినవాళ్లు ఎంత విసుక్కున్నా, ఆఖరిసారి కొలవకుండా ఏ జోడూ గడప దాటదు. ముప్పై ఏళ్లలో ఒక్క జోడు వెనక్కి రాలేదని మామగారు ఎవరికో ఒకరికి రోజూ చెబుతారు.

ఆ రోజు మాత్రం ఇంట్లో ధ్యాసంతా వేరేదాని మీద ఉంది. ఆడపడుచు ప్రవేశపరీక్ష మళ్లీ రాస్తుందా, రాయదా? సాయంత్రం అయిదింటికల్లా తేల్చి దరఖాస్తు పెట్టాలి.

ఆడపడుచుని అందరూ బొంగరం అంటారు. ఒకచోట నిలవదు. అలాంటిది వారం రోజులుగా ఒకే కుర్చీకి అతుక్కుపోయి ఉంది. తను కోరుకున్న పెద్ద కాలేజీకి పద్దెనిమిది మార్కులు తగ్గాయి. లెక్కల్లో ఎవరూ వేలెత్తి చూపలేని మార్కులు. దెబ్బంతా చదివి అర్థం చేసుకునే భాగంలోనే. ఉన్న మార్కులకి నాలుగు వీధుల అవతలి కాలేజీలో సీటు ఖాయం. మళ్లీ రాయొచ్చు గానీ, రాస్తే రెండోసారి వచ్చినవే లెక్క. తగ్గితే ఇదీ పోతుంది.

"హాయిగా నడిచెళ్లి వచ్చే కాలేజీని వదిలేసుకుంటావా?" అన్నారు అత్తగారు, ఫ్రేముకి ముక్కుబిళ్లలు బిగిస్తూ.

"వదలట్లేదమ్మా. రాయనని పొద్దున్నే చెప్పానుగా."

"చెప్పావు. మొహం మాత్రం అలా వేలాడేశావు."

"నా మొహం అంతే. నీ పోలికే."

"మీ అన్నయ్యని అడిగావా?"

"అడిగాను. నీ ఇష్టం అన్నాడు. వదిన్ని కూడా అడిగి చెప్పమన్నాడు. వాడికి ఈమధ్య టీలో పంచదార ఎంతో కూడా వదిన చెప్పాలి."

కొత్త కోడలు సిగ్గుపడి లెన్స్ మీటరులోకి తల దూర్చేసింది. ఆ విసురులో తన కళ్లజోడే తీసి దానికింద పెట్టింది. తనది మాత్రం ఇంతవరకూ కొలవలేదు మరి.

ఆ జోడంటే ఆమెకి ప్రాణం. పెళ్లికి రెండు రోజుల ముందు మామగారు స్వయంగా చేసి ఇచ్చిన కానుక అది. వదినకి ఏ ఫ్రేమైతే తనకీ అదే కావాలని బొంగరం పేచీపెడితే, ఆ రాత్రే రెండూ చేశారు. సన్నటి తేనెరంగు ఫ్రేములు, కవలపిల్లల్లాంటివి. పెట్టుకున్న రోజునుంచీ ఆమెకి కొంచెం తలనొప్పి ఉన్నమాట నిజమే. సంతోషం ఎక్కువైనా తలనొప్పి వస్తుంది కాబోలనుకుంది. మామగారితో అంటే, "కొత్తద్దాలు కదమ్మా, అలవాటు పడాలి," అన్నారు. ఎవరు వచ్చినా ఆయన అనేమాటే అది. బొంగరానికీ అదే చెప్పారు.

పచ్చగీతలు తేలాయి. కుడి అద్దం రెండు. ఎడమది ఒకటింబావు.

తన సైటు అందుకు తలకిందులు. పన్నెండో ఏటినుంచీ కుడికన్ను ఒకటింబావే. చక్రం తప్పు తిప్పానేమో అనుకుని మళ్లీ కొలిచింది. అదే అంకె. బొంగరం కుర్చీలో కళ్లుమూసుకుని వెనక్కి వాలి ఉంది, జోడు బల్లమీద పెట్టి. మెల్లగా తీసి కొలిచింది. కుడి ఒకటింబావు, ఎడమ రెండు.

నలభై అయిదు రోజులుగా ఇద్దరూ ఒకరి అద్దాల్లోంచి ఒకరు లోకాన్ని చూస్తున్నారు. పరీక్ష కూడా వాటితోనే రాసింది పిల్ల.

చెబితే ఏమవుతుంది? మామగారి ముప్పై ఏళ్ల మాట పోతుంది, అదీ నిన్నగాక మొన్న వచ్చిన కోడలి నోటమ్మట. చెప్పకపోతే అయిదు దాటిపోతుంది. గోడగడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. అది కూడా కొంచెం మసగ్గానే కనిపించింది.

"మామయ్యా," అంది, రెండు జోళ్లూ పట్టుకెళ్లి. "నేను సరిగ్గా కొలవలేదేమో, ఒక్కసారి ఇవి చూస్తారా?"

ఆయన కొలిచారు. రిజిస్టరు తెరిచి ఇద్దరి పేజీలూ చూశారు. మళ్లీ కొలిచారు. కళ్లు తుడుచుకుని మూడోసారి కొలిచారు. చేతిలో పని ఆపి అత్తగారు ఆయన్నే చూస్తున్నారు.

"ఇంట్లోవాళ్లవే కదా అని ఆఖరున కొలవలేదు," అన్నారాయన చివరికి. "ఏ పెట్టెలో ఏది పెట్టానో కూడా చూసుకోలేదు."

లేచి వెళ్లి కూతురి ముందు నిలబడ్డారు. కళ్లు తెరిచిన బొంగరానికి తండ్రి మొహం చూసి భయమేసింది. ఆయన మాత్రం వచ్చినవాళ్లతో మాట్లాడే గొంతుతో, "అమ్మా, మీ జోడు తప్పు చేశానండి. పొరపాటు నాది. మార్చి ఇస్తున్నాను," అన్నారు.

బొంగరం ఫక్కున నవ్వింది. "నాన్నా, నన్ను అండీ అంటున్నావేంటి!" ఆ నవ్వుకి అత్తగారు నవ్వారు. మామగారికి మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి.

"ఈయన్నేనా అందరూ డాక్టరుగారూ అని పిలిచేది?" అన్నారు అత్తగారు గోడమీది ఫ్రేములతో. "మూడు వారాలు నా తలకాయ తిన్నారు, ఈ కాలం పిల్లలకి కొత్తద్దాలు అలవాటు చేసుకునే ఓపిక లేదని!"

తనని ఎవరూ ఒక్క మాట అనలేదని కొత్త కోడలు ఆలస్యంగా గమనించింది. పైగా మామగారు ఆమె వైపు తిరిగి, "మంచిపని చేశావు తల్లీ. దాచిపెట్టి ఉంటే నేను జన్మలో తెలుసుకునేవాణ్ణి కాదు," అన్నారు. ఇంతమంచి ఇంట్లో పడ్డందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక, బల్లమీది తుడిచేగుడ్డని నాలుగు మడతలు పెట్టింది.

అయితే బొంగరం నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సొంత జోడు పెట్టుకుని, గుమ్మంలోంచి వీధి అవతలి బోర్డులన్నీ చదివి, వచ్చి వదిన పక్కన కూలబడింది.

"ఎందుకు కొలిచావు వదినా! హాయిగా వద్దనుకుని కూర్చున్నాను కదా."

"అదేంటి? తప్పు నీది కాదని తేలిందిగా."

"అదే బాధ. ఇప్పుడు రాయకపోతే, అద్దాలు బాలేక తగ్గాయని ముసలిదాన్నయ్యేదాకా చెప్పుకోవచ్చు. రాసి, మళ్లీ ఇన్నే వచ్చాయనుకో? ఇక చెప్పుకోవడానికి ఏముంటుంది?"

కొత్త కోడలు కాలేజీలో చదివిందంతా ఒకసారి మనసులో తిరగేసింది.

"నాకూ తెలీదే," అంది నిజాయితీగా. "పాత ప్రశ్నపత్రం ఏదైనా ఉందా? ఒక్క పేరా చదువు. టైము పెట్టొద్దు, ప్రశ్నల జోలికి పోవద్దు. ఊరికే చదువు."

బొంగరం మెట్లెక్కి వెళ్లి పుస్తకం తెచ్చింది. అది తేనెటీగ దారి ఎలా గుర్తుపెట్టుకుంటుందో చెప్పే రెండు పేజీల వ్యాసం. పరీక్షలో ఇలాంటివి చదివేటప్పుడు ఒక పంక్తి వదిలేసి కిందిదానిలోకి జారిపోయేదాన్నని, వెనక్కి వచ్చేసరికి మొదలు మరిచిపోయేదాన్నని చెప్పింది. ఆఖరి వ్యాసం దాకా వెళ్లనే లేదు, ఏడు ప్రశ్నలు వదిలేసింది. తనకి బుర్ర లేదనే అనుకుంది.

చదవడం మొదలుపెట్టింది. మామగారు బల్ల దగ్గర లేని పని కల్పించుకుంటున్నారు. అత్తగారు బిగించిన మరనే మళ్లీ బిగిస్తున్నారు. కొత్త కోడలు తన సొంత జోడులోంచి గడియారం వైపు చూసింది. నిమిషాల ముల్లు అంత నల్లగా, అంత సన్నగా ఉంటుందని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

"అయిపోయిందా?" అన్నారు అత్తగారు ఉండబట్టలేక.

"ఉండమ్మా!" బొంగరం పుస్తకంలోంచి తల ఎత్తకుండా అంది. ఇంకాసేపటికి, "వదినా, ఇది విన్నావా? తేనెటీగ తిరిగొచ్చి మిగతావాటికి దారి చెప్పడానికి గుండ్రంగా తిరుగుతుందట. నాలాగే! ఈ రాసినాయన ఎంత బాగా రాశాడో. మొదటిసారి ఇదే వ్యాసం చదివాను, ఇందులో ఈగ ఉందని తప్ప ఏమీ గుర్తులేదు."

తర్వాతి వ్యాసం ఎవరూ చెప్పకుండానే తిప్పింది. అది వంతెనల గురించి. అదీ అయ్యాక పుస్తకం మూసి, బుగ్గలు పూరించి ఊపిరి వదిలింది.

"మళ్లీ తక్కువొస్తే?" అంది తండ్రితో.

"వస్తే వస్తాయమ్మా. ఆ కాలేజీ కాదంటే ఇంకో ఏడాది చూద్దాం. నువ్వు భయపడకుండా చెప్పు, నేను దేనికైనా సరేనంటాను."

"తక్కువొస్తే తప్పు అద్దాల మీద పెట్టడానికి లేదు. నా మీదే పడుతుంది."

"పడనీ," అన్నారు అత్తగారు. "నువ్వేమైనా గాజుబొమ్మవా? ఎన్నిసార్లు మెట్లమీంచి పడి లేవలేదు!"

బొంగరం లేచింది. లేవడమే కాదు, బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగింది. వారం రోజుల తర్వాత.

"ఏడు ప్రశ్నలు వదిలేసిన ఆ ఆఖరి వ్యాసంలో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు," అంది. "ఈసారైనా చివరిదాకా చదవాలి. రాస్తాను."

నాలుగూ నలభై. నలుగురూ దుకాణం కంప్యూటరు చుట్టూ మూగారు. పేరు, పుట్టినతేదీ, ఫొటో అన్నీ పాతవే వచ్చేశాయి. పరీక్ష రోజు వెంట వచ్చేవాళ్ల ఫోన్ నంబరు అడిగిందది. బొంగరం ఎవర్నీ అడక్కుండా పది అంకెలూ టకటకా కొట్టేసింది.

"అది మీ నాన్నది కాదే," అన్నారు అత్తగారు.

"వదినది. నాన్న వస్తే దారిపొడుగునా సారీ చెబుతాడు. అన్నయ్య వస్తే ఏ బస్సు ఏ డిపోదో చెబుతాడు. వదినైతే ఊరికే సంతోషంగా ఉంటుంది. నాకు అది చాలు."

కొత్త కోడలి చేతిలో ఫోను బుర్రుమంది. తెరమీద ఆరంకెల కోడ్ వచ్చింది.

"చదువు వదినా, తొందరగా! మళ్లీ గడువు దాటిపోతుంది."

ఆమె ఫోను పైకెత్తి, ఒక్కో అంకెనీ విడివిడిగా, బిగ్గరగా చదివింది.