సున్నా బీరు, చపాతీ లెక్క

నర్సింహ చొక్కా తొడుక్కుంటుంటే పొట్ట దగ్గరి గుండీ టప్పున ఊడి మంచం కిందికి దొర్లింది. కనకలక్ష్మి దాన్ని ఏరి ఇవ్వలేదు. బీరువా తెరిచి తన చీరలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

“సంక్రాంతి కాడికెల్లి తాగుడు బంద్ అన్నవ్. మరి గీ పొట్ట యాడికెల్లి వస్తున్నది? నేను మా అక్క ఇంటికి పోత. నువ్వు తాగుకుంట ఉండు.”

నర్సింహకు దిక్కు తోచలేదు. ఐటీ కంపెనీల వాళ్లను క్యాబులో తిప్పే మనిషి. నిజంగానే మందు మానేశాడు. నాలుక పీకినప్పుడల్లా మియాపూర్‌లో మత్తు లేని బీరు డబ్బా కొనుక్కునేవాడు. దాని మీద పెద్ద సున్నా ఉంటుంది. సున్నా అంటే లోపల ఏమీ లేదనే కదా. పెళ్లయ్యాక ఇన్నేళ్లకు ఒక నిజం చెబితే, దానికి ఇదా మర్యాద?

పై అంతస్తులో సాఫ్ట్‌వేర్ పిల్లగాడు కిరణ్ పాల్ కూడా అదే బీరు తాగుతాడు. సాక్ష్యానికి అతన్ని, చేతిలో డబ్బాతో సహా, కిందికి పిలుచుకొచ్చాడు.

“ఇందులో ఆల్కహాల్ లేదండి ఆంటీ. క్యాలరీలు మాత్రం ఉంటాయి.” కిరణ్ పాల్ డబ్బా తిప్పి చీమ తలకాయంత అక్షరాలు చదివాడు. “వంద మిల్లీలీటర్లకు ఇరవై నాలుగు. అంటే డబ్బాకు ఎనభై దాకా. ఒక చపాతీ అనుకోండి.”

సున్నాను గుమ్మడికాయంత రాసి, అసలు లెక్కను ముక్కలు చేసి మూలన దాచిన కంపెనీవాణ్ణి నర్సింహ మనసులోనే తిట్టుకున్నాడు. చదువుకున్నోళ్ల తెలివంతా చిన్న అక్షరాల్లోనే ఉంటుంది.

“రోజుకో చపాతీకి గింత పొట్టనా?” అంది కనకలక్ష్మి. “నువ్వు గూడ తాగుతవ్ కద బిడ్డా, నీ పొట్ట ఏది?”

“నేను దాంతో ఏమీ తిననండి.”

పిలిచి మరీ మీదికి తెచ్చుకున్నట్టయింది. ఇక మిగిలింది తోటి డ్రైవర్ వెంకట్. నర్సింహ ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

“నేను వైన్స్ పక్కన పర్మిట్ రూముల కూసోని మందు తాగుతున్ననా? మీ వదినకు చెప్పు.”

“తాగినప్పుడే మంచిగ ఉండె వదినా.” వెంకట్ గొంతులో ఎన్నాళ్లదో కడుపుమంట. “గా సున్నా డబ్బా పట్టుకొని మా నడుమ కూసుంటడు. మేం గ్లాసు ఎత్తేలోపు చకనా ప్లేటు ఖాళీ. పల్లీలు ఆయనే, చికెన్ పకోడి ఆయనే, మిర్చి బజ్జీలు ఆయనే. అడిగితే, నాది మందు కాదు కదరా, నాకేమైతది అంటడు.”

కిరణ్ పాల్ నవ్వు బిగబట్టుకుని మెట్లెక్కాడు.

“దోస్తులు దోస్తునే వెనకేసుకొస్తరు,” అంది కనకలక్ష్మి. “నా నెత్తి మీద చెయ్యి పెట్టు. మందే కాదు, ఇగ బజ్జీలు గూడ ముట్టనని ఒట్టెయ్.”

నర్సింహ చెయ్యి సగం దాకా లేచి ఆగింది. మిర్చి లోపల కూరిన వాము, పైన ఉల్లిగడ్డ తరుగు, పిండిన నిమ్మకాయ. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“గది నాతోని కాదు కనకా. వారానికి రెండంటే ఒట్టేస్త.”

కనకలక్ష్మి అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. అబద్ధమాడే చెయ్యయితే ఈపాటికి టక్కున నెత్తి మీద పడి ఉండేది.

“ఒక్కటి,” అంది, సంచిలోంచి చీరలు తీస్తూ.