వెర్లిన్ పంపిన అప్పీలు

కోర్టు ఉత్తరాన్ని డెల్బర్ట్ రెండుసార్లు చదివాడు. అప్పీలు గడువులోగా కోర్టుకు చేరలేదట, అందుకని కొట్టేశారట. ఎలా చేరదు? గడువుకు చాలా ముందే సంతకం పెట్టి వెర్లిన్ చేతిలో పెట్టాడుగా! వెర్లిన్ ఒకప్పుడు సైన్యంలో అతని సార్జెంటు. ఇప్పుడు ఊళ్ళో మాజీ సైనికుల హాల్లో అందరి కాగితాలూ ఊరికే చూసిపెడుతున్నాడు.

ఊరికే ఎందుకు చూస్తాడు? అనుమానం అక్కడ మొదలైంది. కువైట్‌లో ఇసుక దుమారం రేగిన వేళ ట్రక్కు పైకెక్కి తాళ్ళు బిగించమన్నది వెర్లినే. డెల్బర్ట్ జారిపడ్డాడు, నడుం పోయింది. దెబ్బ సైన్యంలోనే తగిలిందన్న రుజువు లేదని మాజీ సైనికుల భత్యాల ఆఫీసువాళ్ళు భత్యం ఇచ్చేది లేదన్నారు. దాని మీద అప్పీలు నడిస్తే ట్రక్కు ఎక్కమన్నదెవరో బయటికొస్తుంది.

"నవ్వుతూ తీసుకుని పొయ్యిలో పెట్టుంటాడు," అన్నాడు భార్య నోరీన్‌తో. లేనిపోని నింద వేయకు, వెళ్ళి అడుగు అందావిడ. అతను గనిలో పని మానేశాక ఆవిడ బడి వంటింట్లో పనిచేసి తెచ్చే జీతమే ఆధారం. భత్యం రాకపోతే ఇల్లు బ్యాంకువాళ్ళ పాలవుతుంది.

శుక్రవారం విందు కోసం హాల్లో చేపలు వేయిస్తున్నారు. డెల్బర్ట్ ప్లేటు ముట్టుకోకుండా నేరుగా వెర్లిన్ దగ్గరికి వెళ్ళి ఉత్తరం చూపించాడు.

"పంపారా లేదా సార్జెంట్? సూటిగా చెప్పండి."

వెర్లిన్ చేతులు తుడుచుకుని సొరుగులోంచి పోస్టాఫీసు రసీదు తీశాడు. తేదీ సరిగానే ఉంది. చిరునామా చూసి డెల్బర్ట్ గతుక్కుమన్నాడు. అది కోర్టుది కాదు, భత్యం ఇచ్చేది లేదన్న ఆఫీసుదే.

"వాళ్ళ మీద ఫిర్యాదు వాళ్ళకే పంపారా?"

"మరి? పైకి పోయేదేదైనా కింది అధికారి చేతుల మీదుగానే పోవాలి కదరా. సైన్యంలో నీకు నేర్పిందీ అదేగా. వాళ్ళే కోర్టుకి పంపుతారనుకున్నా."

డెల్బర్ట్‌కి నాలుగు తిట్టాలనిపించింది. తనైనా అదే చేసుండేవాడు. అది తట్టేసరికి ఒళ్ళు ఇంకా మండింది. అయినా, కావాలనే చేసి ఈ కథ అల్లడం లేదని నమ్మకమేమిటి?

గడువు ఎందుకు తప్పిందో రాసిస్తే మళ్ళీ చూస్తామని ఉత్తరం చివర ఉంది. తప్పు తనదని రాసిమ్మని డెల్బర్ట్ వెర్లిన్‌ని అడిగాడు. అలా రాస్తే ఇక ఆ హాల్లో ఎవడూ వెర్లిన్‌కి కాగితం ఇవ్వడు. ఏ వంక చెబుతాడో అని డెల్బర్ట్ కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాడు.

వెర్లిన్ కళ్ళజోడు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. తప్పు తనదేనని రాశాడు. అక్కడితో ఆపలేదు. దుమారంలో ట్రక్కెక్కమన్నది తానేననీ, పడటం కళ్ళారా చూశాననీ, భయపడి ఇన్నేళ్ళూ దాచాననీ రాసి సంతకం పెట్టాడు.

డెల్బర్ట్ ప్రతి వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాడు. ఇలా ఇవ్వు, రేపు పంపేస్తానని వెర్లిన్ చెయ్యి చాచాడు.

"వద్దు సార్జెంట్," అంటూ డెల్బర్ట్ ఆ కాగితాన్ని చొక్కా లోపల దాచుకున్నాడు. "మీ మేలు చచ్చినా మరిచిపోను. పోస్టు మాత్రం నేనే చేసుకుంటా."