ఆకలి అనుకున్నారు

భాగ్యమ్మ భయమంతా తాటిచెట్ల మీదే ఉండేది. జఫర్‌గఢ్‌కు కాపురానికి వచ్చిన నాటినుంచీ అంతే. మొగుడు కాటమయ్య చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని కల్లు గీయడానికి బయలుదేరితే, మళ్ళీ అతని దగ్గు వాకిట్లో వినబడేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. కల్లుగీసే గౌండ్ల ఇంట్లో పుట్టి గౌండ్ల ఇంటికే కోడలైన మనిషాయె. చెట్టు మీంచి పడి నడుం విరిగినవాళ్ళనూ చూసింది, పడి మళ్ళీ లేవనివాళ్ళనూ చూసింది. అందుకే దీక్షలో కూర్చోవడానికి ఈసారి గీత కార్మికుల వంతు అని తెలిసినప్పుడు ఆమె సంబరానికి అంతులేదు. తెలంగాణ వచ్చేది రానిది తర్వాతి సంగతి, ఒక్క రోజైనా మనిషి నేల మీద ఉంటాడు కదా!

అది సకల జనుల సమ్మె నాటి మాట. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులకు తాళాలు, ఆఫీసుల్లో నరపురుగు లేదు. చౌరస్తాలో షామియానా వేసి రిలే నిరాహార దీక్షలు నడుపుతున్నారు. రోజుకో సంఘం వంతు. పొద్దున మెడలో దండలు వేసుకుని కూర్చోవాలి, పొద్దుగూకే వేళకు ఎవరో పెద్దమనిషి చేతి నిమ్మరసం తాగి లేవాలి. మొన్న పద్మశాలీలు కూర్చున్నారు, నిన్న ఆటోవాళ్ళు. ఒక్కరూ మధ్యలో లేవలేదు. గీత సంఘం అధ్యక్షుడు తిరుపతికి అదే బెంగ పట్టుకుంది.

"కల్లు లేకుంటే గౌండ్లోల్లు గడియ సుత ఆగరని అందరు నవ్వుతున్నరన్నా. ఒక్కడు లేసిండంటే మన ఇజ్జత్ పాయె" అని ముందురోజే ఇంటింటికీ తిరిగి మరీ చెప్పాడు.

ఆ పొద్దున కాటమయ్య భాగ్యమ్మను వెంటబెట్టుకుని పెందలాడే వెళ్ళాడు. రాత్రి వానకు షామియానా ఓ పక్కకు ఒరిగిపోతే, నలుగురితో కలిసి తనూ నిలబెట్టబోయాడు. గాలి ఒక్కసారి విసురుగా కొట్టింది. ఇనుప పైపు జారి అతని చెవి పైభాగాన టంగుమని తగిలింది. కాటమయ్య ఉన్నచోటనే కూలబడ్డాడు. కాసేపు ఎక్కడున్నాడో తెలియనట్టు కళ్ళు చికిలించి చూశాడు. భాగ్యమ్మ లబోదిబోమంటూ ఉరికేసరికి తేరుకుని నవ్వుతున్నాడు. రక్తం బొట్టు లేదు, చిన్న బొప్పి కట్టిందంతే.

"జర దవాఖానకు పోయొద్దాం పా" అంది భాగ్యమ్మ.

"గీ బొప్పికి దవాఖానా? తాడిచెట్టు ఎక్కి దిగేటోన్ని, గీ పైపు నన్నేం జేస్తదే?"

"చెట్టు మీదికెళ్ళి పడనోడు నేల మీద దెబ్బతిన్నడు సూడుండ్రి!" అని తిరుపతి ఎగతాళి చేస్తే షామియానా అంతా గొల్లుమంది. కాటమయ్య కూడా నవ్వాడు. భాగ్యమ్మ కొంగు చివర ఉండ చుట్టి, నోటితో ఆవిరి పట్టి, బొప్పి మీద నాలుగుసార్లు అదిమింది. తనకూ నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ భయానికి ఇంత చిన్న దెబ్బతో సరిపోయింది, దేవుడు చల్లగా చూశాడనుకుంది.

దండలు పడ్డాయి, పాటలు మొదలయ్యాయి. కాటమయ్య చప్పట్లు కొట్టాడు, జై తెలంగాణ అని గొంతు చించుకున్నాడు, పక్కవాళ్ళతో పరాచికాలాడాడు. ఎవరు చూసినా ఏ రోగమూ రొష్టూ లేని మనిషనే అంటారు. ఎండ నెత్తికెక్కే వేళకు మాత్రం రెండు చేతులతో కణతలు పట్టుకుని కూర్చున్నాడు.

"తల పలుగుతున్నదే భాగ్యా."

"పొద్దుగాల చాయ తాగకపోతివి. కడుపుల ఏం లేకపోతే తల నొయ్యదా?"

"చాయ కాదు వదినా, పొద్దటి కల్లు పడలే. గదీ అసలు రోగం!" అన్నాడు తిరుపతి. మళ్ళీ నవ్వులు.

కాసేపటికి కాటమయ్య తూలుకుంటూ షామియానా వెనక్కి వెళ్ళి భళ్ళున కక్కాడు. పసరు తప్ప ఏమీ లేదు. భాగ్యమ్మ ప్రాణం ఉసూరుమంది. మూతి కడిగించి, వీపు నిమిరి, ఇక లేచి ఇంటికి పోదామని బతిమాలింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"దీక్షల కూసున్నోడు నడిమిట్ల లేస్తే నలుగుట్ల మొకమెట్ల సూపిచ్చాలె?"

మాట కొంచెం ముద్దముద్దగా వచ్చింది. తిరుపతిని పట్టుకుని చచ్చిపోయిన తన అన్న పేరుతో పిలిచాడు. ఉపాసం మనిషిని ఎంతకు తెచ్చిందో అని జాలిపడ్డారు తప్ప, పొద్దున తగిలిన దెబ్బ ఒక్కరికైనా గుర్తు రాలేదు. రాదు మరి! ఆకలికి తల నొస్తుంది, ఆకలికి కడుపులో తిప్పుతుంది, ఆకలికి మాట తడబడుతుంది. పొద్దంతా ఏమీ తినని మనిషికి ఇంకో కారణం వెతకాలని ఎవరికి తోస్తుంది? ఆకలి కాదన్నవాళ్ళు కల్లు మీదికి తోశారు. పక్కన దీక్షలో కూర్చున్నవాళ్ళు కూడా ఏమీ తినలేదని, వాళ్ళంతా గుండ్రాయిల్లా ఉన్నారని ఎవరూ ఆలోచించలేదు.

కాటమయ్య అలాగే జంపఖానా మీద ఒరిగి కళ్ళు మూశాడు. భాగ్యమ్మ అతని తల ఒళ్ళోకి తీసుకుంది. కాసేపటికి గురక మొదలైంది. ఎన్నడూ గురక పెట్టని మనిషి.

"ఇదేంది, గిట్ల గురక పెడుతుండు?" అంది.

"అలిసిండు వదినా, పండుకోనియ్యి. నిద్రల ఉపాసం ఎల్లిపోతది" అన్నాడు తిరుపతి. ఆ మాట మంచిగానే తోచింది. పక్కనే మైకు చెవులు పగిలేట్టు మోగుతోంది. భాగ్యమ్మ లేచి వెళ్ళి పాటగాళ్ళకు దండం పెట్టింది. "మీకు పుణ్యముంటది, జర బంద్ జేయుండ్రి నాయినా." వాళ్ళు ఆపేశారు. పేపరాయన వచ్చి ఫొటో తీసుకుంటానంటే తిరుపతి లేపబోయాడు. ఆమె కసురుకుంది. తన పైట కొంగుతో ముఖం మీది ఈగలు తోలుతూ కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆమెకు అప్పుడు సంతోషంగానే ఉంది. మోకు లేదు, చెట్టు లేదు. మొగుడు పట్టపగలు తన ఒళ్ళో హాయిగా పడుకున్నాడు.

నిమ్మరసం ఇవ్వాల్సిన పెద్దమనిషి జనగామ నుంచి రావడం ఆలస్యమైంది. ఆయన చేతితో తాగితే తప్ప దీక్ష ముగియదు కాబట్టి అందరూ తోవ చూస్తూ కూర్చున్నారు. కాటమయ్య నిద్ర నిద్రలాగే సాగింది. ఆయన వచ్చాక వరసగా ఒక్కొక్కరూ తాగి లేచారు. కాటమయ్య పెదవుల దగ్గర గ్లాసు పెడితే, రసం మూతి పక్కనుంచి కారి భాగ్యమ్మ చేతిమీద పడింది.

"లే... లేవయ్యా, దీక్ష అయిపాయె. ఓ అయ్యా!"

చెంపల మీద కొట్టింది. భుజాలు పట్టి ఊపింది. నీళ్ళు చల్లింది. కనురెప్ప ఎత్తి చూస్తే ఒక కంటిపాప పెద్దదై ఉంది, రెండోది మామూలుగా ఉంది. పెద్దమనిషి ఆయనంతట ఆయనే కారు తలుపు తీసి అందులో వేయమన్నాడు. వరంగల్ తోవలో సమ్మెకని మనవాళ్ళే చెట్లు కొట్టి రోడ్డుకు అడ్డం వేశారు. సంగతి చెప్పగానే పదిమందీ కలిసి మాను పక్కకు ఈడ్చారు గానీ, అదేమన్నా చిన్న మానా? భాగ్యమ్మ ఒళ్ళో ఆ గురక కూడా అక్కడే ఆగినంత పనైంది.

పెద్ద దవాఖానలో టార్చి వేసి చూసిన డాక్టరు ఆగమేఘాల మీద ఆపరేషన్‌కు ఏర్పాట్లు చేయించాడు. లోపలికి తీసుకెళుతుండగానే కాటమయ్య ప్రాణం పోయింది.

చాలాసేపటికి డాక్టరు బయటకొచ్చి బెంచీ మీద భాగ్యమ్మ, కారులో వెంట వచ్చిన తిరుపతి పక్కనే కూర్చున్నాడు. దెబ్బ సంగతి తిరుపతి చెబుతుంటే విని, మెల్లగా విడమర్చాడు. పైకి బొప్పే. లోపల చిట్లిన నరంలోంచి రక్తం కొద్దికొద్దిగా ఊరి మెదడును అదిమేసింది. మొదట మనిషి బాగానే ఉంటాడు, నవ్వుతాడు, మాట్లాడతాడు. తర్వాతే తలనొప్పి, వాంతి, మగత. మగత మొదలైందంటే ఒక్క క్షణం ఆగకూడదు.

తిరుపతి తల గోడకేసి కొట్టుకున్నాడు. "ఉపాసమనుకున్నం సార్... ఆకలికనుకున్నం..."

"పక్కన ఇంటివాళ్ళెవరూ లేరా?" అని అడిగాడు డాక్టరు. తప్పు పట్టాలని కాదు, ఉండబట్టలేక అడిగాడు. "అంత మగతలో పడి ఉంటే ఎవరూ చూడలేదా?"

భాగ్యమ్మ తలెత్తింది.

"నేనున్న సారూ. పొద్దుందాక పక్కనే కూసోని సూస్తనే ఉన్న. మంచిగ నిద్రపోతుండని... లేపవోయినోల్లను గూడ నేనే ఆపిన."