ఉప్పు చూసే కోడలు

కారేపల్లి అవతల, అడవి అంచు తోటలో కోసిన కాయలు. ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడి అన్నం వేసి, నెయ్యి పోసి, బుల్లెమ్మ చేత్తో కలిపింది. పెద్ద కోడలు రాజ్యశ్రీ పక్కనే కూర్చుంది. ఏటా ఆ మొదటి ముద్ద ఆమెదే. భద్రాచలం నుంచి చిన్న కోడలు పద్మప్రియ వచ్చాక అది చేయి మారింది.

"ఇదిగో పద్మా, తిను. ఎట్ల చిక్కిపోయినవో చూడు."

"నాకు లేదా అత్తయ్యా?"

"నీకెందుకే రాజ్యం? ఇంట్లో గిన్నెలన్నీ నాలికతోనే కడుగుతుంటవు."

పద్మప్రియ పెదవి బిగబట్టి నవ్వింది.

రాజ్యశ్రీ లేచింది. వంటింట్లోకి పోయి, నిలబడే, చల్లటి అన్నంలో పెరుగు కలుపుకుని తినేసింది. ఆకలి లేదు. షుగర్ వచ్చింది, ఒళ్లు తగ్గాలని ఖమ్మం దవాఖానాలో డాక్టర్ చెప్పాడు. ఏం తినకూడదో చెప్పాడు గాని, పద్మప్రియ నడుము కంటబడినప్పుడు ఏం చేయాలో చెప్పలేదు.

చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే, గోడ వారన పద్మప్రియ ఆ ముద్దను కోళ్లకు వేస్తోంది.

"అత్తయ్య చేత్తో పెట్టింది కోళ్ల పాలు చేస్తున్నవా?"

"దిగుతలేదక్కా. ఈ ఇంట్లో ఏదీ దిగుతలేదు."

"అందరూ ముద్దు చేస్తుంటే దిగకపోవుడేంది?"

"చుట్టానికి పెట్టినట్టు పెడతది నాకు. ఉప్పు చూడమని ఎన్నడన్నా అన్నదా? కూరకైనా పచ్చడికైనా 'రాజ్యం, ఉప్పు చూడు' అంటది. నువ్వు సరే అంటేనే జాడీకి మూత పడతది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ముద్ద గొంతులోనే ఆగిపోతది."

తనను చూసి కూడా ఒకరు కుళ్లుకుంటారని రాజ్యశ్రీకి ఇప్పటిదాకా తట్టలేదు.

మూడో రోజు ఆవకాయ తిరగకలిపారు. బుల్లెమ్మ కేకేసింది. "రాజ్యం, ఉప్పు చూడు."

గరిటె పట్టుకున్న పద్మప్రియ తలెత్తింది. ఆ చూపు ఏం అడుగుతోందో రాజ్యశ్రీకి తెలుసు. పద్మను చూడమను అత్తయ్యా, అందామనుకుంది. అంతలో మొన్నటి నవ్వు గుర్తొచ్చింది. వేలు ముంచి నాలికకు రాసుకుంది. ఉప్పు సరిపోయిందని అప్పుడే తెలిసింది. అయినా ఇంకోసారి ముంచి, కళ్లు మూసుకుని, తీరిగ్గా చప్పరించింది.

"సరిపోయింది. మూత పెట్టు పద్మా."

ఆ మధ్యాహ్నం రాజ్యశ్రీ మారు వడ్డించుకోకుండానే లేచింది. వంటింటి వైపు మనసు పోలేదు. పద్మప్రియ కంచంలో మాత్రం పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.