నల్లచీరలో పచ్చపట్టీ

చూపు సరిగా లేదని తెలిస్తే బిడ్డను తన చేతికియ్యరు. గంగాదేవికి అన్నిటికన్నా పెద్ద భయం అదే. నల్లబల్ల మీది అక్షరాలు కంటికి ఆనక మూడో తరగతితో బడి మానినప్పటి నుంచీ ఆ సంగతి కడుపులోనే దాచుకుంది. మగ్గం నేసే శివన్నతో పెళ్లయింది, బిడ్డ పుట్టింది, చూపు ఇంకా మసకబారింది.

చంటిదానికి జ్వరమొచ్చి మిషన్ ఆసుపత్రికి పోయినప్పుడు నర్సు రాహేలమ్మ గంగాదేవి చూపు సంగతి కనిపెట్టి డాక్టరమ్మకు చూపించింది. పోయిన చూపు ఇంక రాదన్నారు.

"ఉన్న చూపుతోనే బతకొచ్చులేమ్మా," అంది రాహేలమ్మ. "మగ్గం గుంట అంచుకు సున్నం పట్టీ కొట్టు, తెల్లగా ఆనతాది. బిడ్డ కాళ్లకు గజ్జెలు కట్టు. ముందు ఇంట్లో చెప్పు."

గంగాదేవి తలూపి వచ్చేసింది. సున్నం పట్టీ చూస్తే ఎమ్మిగనూరు సాలెవీధంతా ఎందుకని అడగదా? ఏదీ చెయ్యలేదు. నల్లనూలు గోడ మీది ఎడమ కొయ్యకు, ముదురుపచ్చ కుడి కొయ్యకు. రెండూ కంటికి ఒకటిగానే ఆనినా ఆ గుర్తుతోనే నెట్టుకొచ్చింది.

ఒకనాడు అత్త హనుమంతమ్మ గోడకు మట్టి మెత్తుతూ నూలు తీసి, మళ్లీ తగిలించేటప్పుడు తెలియక కొయ్యలు మార్చింది. గంగాదేవి ఎప్పటిలాగే నల్లదనుకొని ఎడమ కొయ్య నూలు తీసి రాట్నం మీద కండెలు చుట్టింది. మబ్బు పట్టిన సాయంత్రం, చీకటి గదిలో శివన్న వాటినే నాడెలో వేసి నేశాడు. పొద్దున వాకిట్లో విప్పి చూస్తే నల్లచీర నడుమ జానెడు పచ్చపట్టీ!

"ఏం కండెలు సుట్టినావమ్మా! కండ్లు పోయినాయా? ఇంక రాట్నం ముట్టొద్దు నువ్వు," అని తల్లి మీద లేచాడు శివన్న.

ఆ రోజు హనుమంతమ్మ కూడా కొన్ని కండెలు చుట్టింది; ముసలి కండ్లని అనుమానం ఆమె మీదికే పోయింది. "నల్లగానే ఉన్నట్లుండె గదప్పా... వయసైపాయ," అంది ముసలామె.

గంగాదేవి బిడ్డకు పాలిస్తూ తల ఎత్తలేదు.

ఆ తర్వాత హనుమంతమ్మ చంటిదాన్ని కూడా ఎత్తుకోలేదు. "వద్దులే తల్లీ, కనపడక యాడన్నా పడేస్తే?" అంది. తాను దేనికి భయపడిందో అదే అత్తకు జరుగుతుంటే గంగాదేవి చూస్తూ ఊరకుంది. నాలుగు రోజులకు ముసలామె మూట కట్టుకొని కోడుమూరులో కూతురింటికి పోయింది.

ఒకరోజు చంటిది పాకుతూ మగ్గం గుంట దాకా పోయింది. గంగాదేవి ఉరికి పట్టుకుంటే చేతికి చిక్కింది గుడ్డలమూట. బిడ్డ జారుతుంటే గుంటలో కూర్చున్న శివన్న అందుకున్నాడు.

"ఎదురుగానే ఉండాది గదే! కనపల్లేదా?"

"కనపల్లేదు," అంది గంగాదేవి. "ఆ పచ్చ కండెలు కూడా నేనే సుట్టింటి."

శివన్న బిడ్డను ఎత్తుకొని గుంటలోంచి పైకొచ్చాడు. "మా అమ్మను గుడ్డిదాన్ని చేస్తివి గదే," అన్నాడు. బిడ్డను మాత్రం ఆమె ఒళ్లోనే పెట్టాడు. పోయి సున్నం కలుపుకొచ్చి గుంట అంచుకు పట్టీ కొట్టాడు. గంగాదేవి కోడుమూరు పోదామంటే, "ఏం మొగం పెట్టుకొని పోదును?" అంటాడు. ఆ చూపుతో ఆమె ఒంటిగా బస్సెక్కలేదు.

మీలో కోడుమూరు దిక్కు పోయేవాళ్లుంటే, హనుమంతమ్మ ఎట్లుందో ఒకసారి చూసి రండి. ఆమె కండ్లకేమీ కాలేదని చెప్పండి. చెప్పమన్నదెవరని అడిగితే, కోడలని చెప్పండి.